సొంతిల్లూ, సర్కారు సుంకమూ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇప్పుడు పట్నాల్లో కట్టేవాళ్ళు తక్కువ, కొనేవాళ్ళే ఎక్కువ. కొనడంలోని కష్టం సబ్-రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కితే గాని తెలియదు.

లెక్క చూడండి. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, వెరసి నూటికి ఏడున్నర. ఆంధ్రప్రదేశ్‌లో విడి అంకెలు వేరైనా మొత్తం అదే ఏడున్నర. హైదరాబాదులో 40 లక్షలకు ఓ చిన్న ఫ్లాటు కొన్న గుమాస్తా 3 లక్షలు ప్రభుత్వానికి చెల్లించాలి. బ్యాంకువాళ్ళు ఇస్తార్లే అనుకుంటాం. ఇవ్వరు! అప్పు కోసం ఇంటి విలువ కట్టేటప్పుడు ఈ ఖర్చులు కలపరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. 10 లక్షల లోపు ఇళ్ళకు తరవాత మినహాయింపు ఇచ్చారు. ఆ ధరకు హైదరాబాదులో ఇల్లెక్కడ దొరుకుతుందో వాళ్ళే చెప్పాలి. ఈ ఫ్లాటుకి అప్పు నూటికి 80 మించదు కనుక చేతి సొమ్ము 8 లక్షలు, దానిపైన ఈ 3 లక్షలు. అప్పుడే ఇల్లాలి గొలుసు మార్వాడీ కొట్టుకు వెళ్తుంది.

విచిత్రమేమంటే చిన్న ఇల్లు అంటే ఏమిటో ప్రభుత్వాలకు తెలియక కాదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్లకు 2019 ఏప్రిల్ నుంచి జి.ఎస్.టి. 5 శాతం. కాని ధర 45 లక్షలు, కార్పెట్ ఏరియా హైదరాబాదు వంటి మహానగరాల్లో 60, మిగతా ఊళ్ళలో 90 చదరపు మీటర్లు మించకపోతే 1 శాతమే. కొలబద్ద తయారుగా ఉంది. దాన్ని స్టాంపు డ్యూటీకి ఎందుకు వాడరాదు? జూబ్లీహిల్స్ బంగళాకూ, రెండు గదుల కొంపకూ ఒకటే రేటు ఏం న్యాయం?

ఐతే అందరికీ తగ్గించెయ్యండి అనే వాదన నాకు నచ్చదు. మహారాష్ట్ర 2020 సెప్టెంబరులో 5 శాతాన్ని 2కి దించితే ఆ డిసెంబరులో ముంబాయి రిజిస్ట్రేషన్ ఆఫీసులు కిటకిటలాడాయి. కొన్నవాళ్ళలో కోటీశ్వరులూ ఉన్నారు, వాళ్ళకెందుకండీ రాయితీ? ఇంగ్లండులో 2017లో మొదటి ఇల్లు కొనేవారికి స్టాంపు డ్యూటీ తగ్గిస్తే, దానివల్ల ఇళ్ళ ధరలు పెరుగుతాయనీ, లాభం ఎక్కువగా అప్పటికే ఇల్లున్నవారికే పోతుందనీ అక్కడి బడ్జెట్ బాధ్యతల కార్యాలయమే అంచనా వేసింది. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అందుకే గీత కింద ఉన్న చిన్న ఇంటికి, అదీ మొదటి ఇంటికి మాత్రమే అంటున్నాను. మొదటిదని అఫిడవిట్ తీసుకుని, అబద్ధమని తేలితే వడ్డీతో వసూలు చేయవచ్చు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ పంచాయతీలకూ, మునిసిపాలిటీలకూ చెందవలసిన సొమ్ము. అసలే వీధి దీపాలకు దిక్కులేని పంచాయతీ నెత్తిన మన రాయితీ పెట్టరాదు. తగ్గించేదేదో స్టాంపు డ్యూటీలోనే తగ్గించాలి. తెలంగాణలో 5.5ను 2 చేస్తే మన గుమాస్తాకు 1 లక్షా 40 వేలు మిగులుతాయి. అంటే గొలుసు మెడలోనే ఉంటుంది.

ఆ ఇల్లు ఆ గొలుసు గల మనిషి పేర రాస్తే ఇంకొంత తగ్గించాలి. ఢిల్లీలో మగవారి కన్నా ఆడవారికి 2 శాతం తక్కువ, మహారాష్ట్రలో 2021 నుంచి 1 శాతం తక్కువ. 2024 జూలై బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి కూడా రాష్ట్రాలకు ఈ మాటే చెప్పారు. పేరు ఆమెది, పెత్తనం ఆయనది అవుతుందని కొందరు మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆమె సంతకం లేనిదే అమ్మడానికి వీల్లేదు కదా! రాయితీతో కొన్న ఇంటిని స్త్రీ 15 ఏళ్ళదాకా పురుషుడికి అమ్మరాదని మహారాష్ట్ర పెట్టిన షరతును 2023లో ఎత్తేశారు. 15 ఏళ్ళు మరీ ఎక్కువే, ఒప్పుకుంటాను. మన దగ్గర ఎవరికీ అమ్మరాదని ఓ 5 ఏళ్ళు పెడితే చాలు.