మాటల మూట: గాలి మాటలు

పిల్లలూ! గాలికి రంగు లేదు, రూపు లేదు. పట్టుకుందామంటే పిడికిట్లో ఇమడదు. అయినా మన మాటల్లో అది దూరని చోటు లేదు! ఈ నెల మన మూటలోనుంచి గాలి మాటలు కొన్ని తీసి చూద్దాం.

పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు దగ్గరగా నాదెండ్ల అనే ఊరుంది. నూర్పిడి యంత్రాలు రాకముందు ఇటువంటి ఊళ్ళలో రైతులు కళ్ళం దగ్గర గాలి కోసం కాచుకుని కూర్చునేవారు. గాలి ఆడగానే ఒకరు ఎత్తుపీట ఎక్కి, చేటతో గింజలను మెల్లగా కిందికి పోసేవారు. గట్టి గింజ బరువుగా ఉంటుంది గనక కాళ్ళ దగ్గరే పడుతుంది. తాలూ పొట్టూ తేలిక గనక గాలి వాటిని దూరంగా మోసుకుపోతుంది. దీన్నే తూర్పారబట్టడం అంటారు. ఇందులో ఉన్నది తూర్పు దిక్కు అనుకునేరు, కాదు! కన్నడంలో 'తూరు' అన్నా, తమిళంలో 'తూట్రు' అన్నా గాలికి ఎగరబోయటమే. మన మాట కూడా ఆ కుటుంబానిదే.

ఎవరినైనా దాపరికం లేకుండా చెడామడా దులిపేస్తే, "తూర్పారబట్టాడు" అంటాం. తమిళులు కూడా తమ మాటను దూషించటానికి వాడతారు. కళ్ళంలో పుట్టిన మాట ఇంట్లోకి నడిచి వచ్చిందన్నమాట! అయితే ఒక్క సంగతి మరవకండి. రైతు తూర్పారబట్టేది గింజను దక్కించుకోవటానికి. ఎదుటివాడి తప్పులు ఎంచుతూ, వాడిలోని మంచిని కూడా గాలికి వదిలేస్తే, అది తూర్పారబట్టటం కాదు, పంటను పారబోసుకోవటం.

వేసవిలో పల్నాట పడమటిగాలి వీస్తుంది. దక్కను పీఠభూమిమీద ఎండిన నేలలు దాటి వస్తుంది గనక అది పొయ్యి సెగలా ఉంటుంది. ఆ గాలికి ఎండిన ముళ్ళకంప దొర్లుకుంటూ పోతుంది. దాని దారిన దాన్ని పోనిస్తే బాధ లేదు. అడ్డం పోయి తగిలించుకుంటే ముళ్ళు ఊడదీసుకోలేక చావాలి. అందుకే కోరి తగాదా తెచ్చుకునేవాణ్ణి చూసి, "గాలికి పోయే కంపను కాలికి తగిలించుకున్నాడు" అంటారు.

ఇంగ్లీషువారికీ గాలి మాటలు తక్కువేమీ కాదు. వారిది సముద్రం నడుమ ఉన్న దేశం గదా! గొప్పలు పోయేవాడి నోరు మూయిస్తే, "వాడి తెరచాపలోని గాలి తీసేశాడు" అంటారు. తెరచాపలో గాలి లేకపోతే ఓడ కదలదు. మనం ఊరికే "గాలి తీసేశాడు" అంటాం. మన మనసులో మెదిలేది ఓడ కాదు, సైకిలు చక్రం! గాలిమేడలు మాత్రం ఇద్దరమూ కడతాం. మనవి మేడలు, వారివి కోటలు, అంతే తేడా.

కిటికీని ఇంగ్లీషులో 'విండో' అంటారు. పాత నార్సు భాషలో ఆ మాటకు అర్థం 'గాలికన్ను'. సంస్కృతంలో 'గవాక్షం' అంటే 'ఎద్దుకన్ను'. ఇద్దరికీ కిటికీ కన్నులాగే కనిపించింది చూశారా!

అయితే మాటల్లో కొన్ని పొరపాట్లు కూడా దాక్కుని ఉంటాయి. ఎవరికైనా జ్వరం వచ్చి పలవరిస్తే, "గాలి సోకింది" అని మన పెద్దలు భయపడేవారు. ఇటలీవారూ అలాగే అనుకున్నారు. 'మలేరియా' అంటే వారి భాషలో 'చెడ్డగాలి' అని అర్థం. చిత్తడి నేలలనుంచి వచ్చే చెడ్డగాలే చలిజ్వరం తెస్తుందని నమ్మి, జనం తలుపులు బిగించుకునేవారు. నేరం గాలిమీద పడింది. అసలు దొంగ హాయిగా తిరుగుతూనే ఉన్నది!

ఆ దొంగ పట్టుబడింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, సూక్ష్మదర్శినిలో చూశాడు. దాని పొట్టలో మలేరియా క్రిమి కనిపించింది. ఈ పరిశోధనలకే 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. జ్వరాన్ని మోసేది గాలి కాదు, ఆడ అనాఫిలిస్ దోమ అని లోకానికి తెలిసింది. నిలవనీరు పారబోయటం, దోమతెర కట్టుకోవటం ఎందుకో అప్పుడు అర్థమయింది. పేరు మాత్రం పాతదే మిగిలిపోయింది.

కనక పిల్లలూ, ఎవరైనా గాలికబురు తెచ్చి చెబితే వెంటనే నమ్మకండి. కళ్ళంలో రైతులాగా తూర్పారబట్టి చూడండి. గింజ ఉంటే నిలుస్తుంది, తాలయితే ఎగిరిపోతుంది.

మీ ఇంట్లో అమ్మమ్మనూ తాతయ్యనూ అడిగి మరో అయిదు గాలి మాటలు రాసిపెట్టుకోండి. వచ్చే నెల నీటి మాటలు చెప్పుకుందాం.