నెట్ లేకున్నా మెసేజ్ వెళ్తుంది.. ఆ యాప్‌కు బ్రేక్ వేయడం సాధ్యమేనా?

బ్రయర్.. సెంట్రల్ సర్వర్ లేని మెసేజింగ్ యాప్. ఇంటర్నెట్ కట్ అయినా, దగ్గర్లో ఉన్న ఫోన్ల మధ్య బ్లూటూత్, వైఫైతోనే మెసేజ్ చేరిపోతుంది. 2023 మేలో కేంద్రం బ్లాక్ చేసిన 14 యాప్‌లలో ఇదీ ఒకటి. జమ్మూ కశ్మీర్‌లో ఉగ్రవాదులు వీటిని వాడుతున్నారన్నది అప్పట్లో ప్రభుత్వ వర్గాల మాట. ఆ ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ అదే కశ్మీర్‌లో 2019 ఆగస్టులో నెట్ ఆపేస్తే, 4జీ పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలోనే! అలాంటి రోజుల్లో ఇంట్లోవాళ్ల క్షేమం తెలుసుకోవాలన్నా ఇలాంటి యాపే దిక్కు.

లిస్టులో ఉన్న ఎలిమెంట్ సంగతి మరీ విచిత్రం. అది నడిచేది మ్యాట్రిక్స్ అనే ఓపెన్ టెక్నాలజీపై. ఎవరి సర్వర్ వాళ్లే పెట్టుకోవచ్చు. బయటి కంపెనీ చేతికి డేటా పోకుండా ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం చేయించుకున్న యాప్‌కూ ఇదే పునాది. అక్కడ సర్కారీ యాప్, ఇక్కడ బ్లాక్!

అసలు చిక్కు మరొకటి ఉంది. ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద వచ్చే బ్లాకింగ్ ఫిర్యాదులు, చర్యలు గోప్యంగా ఉంచాలని రూల్స్‌లోనే ఉంది. మరి వాడేవాళ్లు దేన్ని సవాల్ చేయాలి? ఇంతా చేస్తే, నెట్ అక్కర్లేకుండా పక్క ఫోన్‌కు యాప్‌నే పంపేసే ఆప్షన్ బ్రయర్‌లో ఉంది.