పెరటి పంచలో చెక్కుడుయంత్రము



కృష్ణాతీరమునందలి యొక పట్టణమునుండి ఒక సోదరి నాకు లేఖ వ్రాసినారు. వారి కుమార్తె ఇంటర్మీడియెటు ముగించినది. కంప్యూటరు ఆజ్ఞను బట్టి కొయ్యను చెక్కు యంత్రమును, సి.ఎన్.సి. రౌటరు అనుదానిని, ఇంటనే స్వయముగా కూర్చెదనని ఆ చిన్నది పట్టుపట్టుచున్నదట. తండ్రిగారు డబ్బు దండుగ యనుచున్నారు. నాయనమ్మగారు, "ఆడపిల్లకు వడ్రంగపు పని యేల? వ్రేలు తెగిన రేపు పెండ్లి యెట్లు?" అనుచున్నారు. పాడుకొన్న చీటీసొమ్ము తల్లిచేతిలో నున్నది. "నన్నేమి చేయుమందురు?" అని వారి ప్రశ్న.

దీనికి ఔననియో కాదనియో ఒక్కమాట చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఎరుగని వస్తువునకు భయపడుటయు, ఎరుగని వస్తువుపై మోజుపడుటయు, రెండును ఒక తల్లి బిడ్డలే. మా వారు పాఠశాలలో గణితము బోధించువారు. గత వేసవి సెలవులలో వారును వారి శిష్యులు నలుగురును మా పెరటి పంచలో ఇట్టి యంత్రమును కూర్చిరి. కొలతల పుస్తకము వ్రాయుట నా వంతు. కావున చూచినదానిని చూచినట్లు చెప్పగలను. విని, పిమ్మట తల్లియే నిర్ణయించుకొనవలెను.

మొదట యంత్రమేమో చూతము. సంక్రాంతికి ముంగిట చుక్కలు పెట్టి ముగ్గు వేయుదుము గదా. "మూడవ వరుసలో అయిదవ చుక్కనుండి నాలుగవ వరుసలో ఆరవ చుక్కకు గీత లాగుము" అని ప్రక్కనున్న పిల్లకు చెప్పిన, ఆ పిల్ల ముగ్గు నెరుగకున్నను గీత సరిగానే పడును. ఈ యంత్రమునకు మన మిచ్చు ఆజ్ఞలు అట్టివే: అడ్డ మింత, నిలు వింత, లో తింత అని మూడంకెలు. ఆ యాజ్ఞల భాషకు జి-కోడు అని పేరు. 'జి 0' అనిన శీఘ్రముగా ఆ చోటికి పొమ్మని. 'జి 1' అనిన చెప్పిన వేగముతో తిన్నగా చెక్కుచు పొమ్మని. 'జి 2', 'జి 3' అనిన వంపు తిరుగుమని. పిండి విడుచు వ్రేళ్ళకు బదులు ఇచట రౌటరు అను చిన్న విద్యుత్సాధనము, గిరగిర తిరుగు బిట్టును పట్టుకొని యుండును.

ఈ విద్యకు మూలము మగ్గమునందే కలదు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరవాసియగు జకార్డు 1804 ప్రాంతమున అట్టముక్కలకు రంధ్రములు పొడిచి, ఆ రంధ్రములను బట్టి పడుగుపోగులు లేచునట్లు చేసెను. నేడు మనము జకార్డు అంచు అనుచున్నది ఆయన పేరే. పిదప అమెరికాలో హెలికాప్టరు రెక్కలు చేయు జాన్ పార్సన్స్ అనునాతడు, ఆ రెక్కల వంపులను అంకెలపట్టికనుండియే చెక్కవలెనని తలచెను. ఆ తలంపు మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పెరిగి, 1952లో రంధ్రపు పట్టీని చదివి లోహమును చెక్కు యంత్రముగా ప్రదర్శింపబడెను. చిరకాలము అది కర్మాగారముల సొత్తుగానే యుండెను. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకై ఆర్డువీనో అను చిన్న కంప్యూటరు పలక పుట్టెను. 2009లో ఆ పలకచే యంత్రమును నడపించు గ్రబల్ అను ఉచిత ప్రోగ్రాము వెలువడెను. ఈ రెండింటితో ఆ విద్య ఇంటి పంచకు దిగివచ్చినది. బొమ్మ గీయుటకు ఇంక్‌స్కేపు, ఫ్రీక్యాడు అనునవియు మూల్యము లేకయే లభించును.

ఇక లోపలి కదలిక. మర త్రిప్పు జంతికల గొట్టమును చూడుడు. పిడి ఒక చుట్టు తిరిగిన లోపలి బిళ్ళ నియతమైన దూరము దిగును. ఈ యంత్రమునందును పొడుగుపాటి మరకడ్డీ తిరుగగా దానిపై నట్టు జరుగును. నట్టుతో రౌటరు జరుగును. సాధారణముగా వాడు కడ్డీ ఒక చుట్టునకు 8 మిల్లీమీటర్లు జరుపును. కడ్డీని త్రిప్పు స్టెప్పరు మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేయును. దానిని నడపు డ్రైవరు ఒక్కొక్క అడుగును మరల 8 పాళ్ళు చేసిన, చుట్టునకు 1600 అడుగులు. అనగా మిల్లీమీటరునకు 200. జపమాలలో పూసవెంట పూస లెక్కించుట వంటిదే యిది. అయితే వ్రేలు ఒక పూసను దాటవేసిన సంఖ్య తప్పునే గాని, ఆ తప్పు జపించువారికి తెలియదు. ఈ మోటారు స్వభావమును అంతే. బిట్టు కొయ్యలో చిక్కుకొని మోటారు నాలుగడుగులు జారినను, యంత్రము అన్నియు వేసితిననుకొనియే సాగిపోవును. ఆపైన చెక్కిన దంతయు ప్రక్కకు జరిగియుండును. కావున తొందరపెట్టక, మోటారు శక్తికి లోబడి పని చేయించవలెను.

ఇంటి యంత్రముల మంచిచెడ్డలు మోటారునందు కన్న చట్రమునందే యెక్కువగా నుండును. రౌటరును మోయుచు తోరణమువలె నిలుచు అడ్డుభాగము వంగిన, గీత వంకర పోవును. 18 మిల్లీమీటర్ల ప్లయివుడ్డు గాని, దళసరి అల్యూమినియపు కడ్డీలు గాని తగును. చట్రము మూలలు సరియైన లంబముగా నున్నవో లేదో చూచుటకు ఖరీదైన పనిముట్టు అక్కరలేదు. మూలనుండి ఒక ప్రక్క 600, రెండవ ప్రక్క 800 మిల్లీమీటర్లు గురుతు పెట్టి, ఆ గురుతుల నడుమ దారము లాగిన సరిగా 1000 రావలెను. యజ్ఞవేదికలను కొలుచుటకై బౌధాయన శుల్బసూత్రములలో చెప్పబడిన కర్ణనియమము ఇదియే. నేను తండ్రిగారియొద్ద చిన్ననాడు విన్న ఆ సూత్రము పెరటిలోని బల్లకు ప్రాణము పోయుట చూచి నాకు కలిగిన సంతోష మింతంత కాదు.

చట్రము నిలిచిన వెంటనే కొయ్యను చెక్క బూనుకొనరాదు. రౌటరు స్థానమున ఒక కలము కట్టి, కాగితముపై 100 మిల్లీమీటర్ల చతురము గీయింపవలెను. రెండు కర్ణములును సమానముగా 141.4 రావలెను. రెండింటికి భేదమున్న తోరణము ఏటవాలుగా నున్నదని యర్థము. భుజము 100కు బదులు 99.5 వచ్చినదనుకొందము. అపుడు 200ను 100చే హెచ్చించి 99.5చే భాగించిన 201 వచ్చును. మిల్లీమీటరునకు అన్ని యడుగులని యంత్రమునకు మరల చెప్పిన సరిపడును. దిశ మార్చునపుడెల్ల గీత కొంచెము తడబడిన, నట్టునకును మరకును నడుమ వదులున్నదని తెలియవలెను. స్ప్రింగు గల నట్టు వేసిన ఆ వదులు తీరును. ఈ పరీక్షకు ఖర్చు నాలుగు కాగితములే. ఇందు నెగ్గని యంత్రము కొయ్యపై నెగ్గదు.

కొయ్య చెక్కుటలో మనమూహించుకొనుటకు విరుద్ధమైన సంగతి యొకటి కలదు. మెల్లగా నడపిన క్షేమమని తోచును. కాని బిట్టు అతివేగముగా తిరుగుచు చోటు కదలకున్న, కోయుటకు బదులు రాపాడి కొయ్యను మాడ్చును; తన పదును పోగొట్టుకొనును. మూకుడు వేడెక్కినపుడు అట్లకాడ ఆపినట్లే. ఒక్కొక్క అంచు ప్రతి చుట్టులోను కొంత పొట్టు తీయవలెను. నిమిషమునకు 12,000 చుట్లు, బిట్టునకు రెండంచులు, అంచునకు 0.05 మిల్లీమీటరు పొట్టు అనుకొన్న, నిమిషమునకు 1200 మిల్లీమీటర్లు నడవవలెనని లెక్క. లోతు మాత్రము కొంచెము కొంచెముగా తీయవలెను. తేలిక యంత్రమున 3 మిల్లీమీటర్ల బిట్టునకు ఒక్క పర్యాయమున 1 మిల్లీమీటరు చాలును. రాలునది సన్నని పొడి గాక చిన్న చిన్న పొట్టుగా నున్న పని సవ్యముగా నున్నదని గురుతు.

ఇపుడు నాయనమ్మగారి భయము. అది నిరాధారము కాదు. పెద్దలు ఊరక భయపడరు. తిరుగు బిట్టునకు బిడ్డలనియు పెద్దలనియు భేదము లేదు. పైట, ఓణీ, జారుజడ, గాజులు, ఇవి యేవియు దానిదరికి పోరాదు. జడ ముడిచి, బిగుతైన చొక్కా తొడిగియే పని చేయవలెను. చేతికి రక్షణయని తొడుగులు వేయరాదు. అవి చిక్కుకొని చేతినే లోనికి లాగును. కన్నులకు అద్దములు, చెవులకు మూతలు తప్పనిసరి. కొయ్యపొడి కంటికి కానరాని శత్రువు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కొయ్యధూళిని మానవులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో 1995లోనే చేర్చినది. ఎమ్.డి.ఎఫ్. పలకలలో ఫార్మాల్డిహైడు కలిసిన జిగురు కూడ నుండును. కావున ముక్కునకు మంచి ముసుగు, పొడిని పీల్చు గొట్టము వలయును; వంటింటిని ఆనుకొనిన గదిలో ఈ పని తగదు. ఎర్రని ఆపుమీట ఇంటిలో నందరికి అందుచోట నుండవలెను. నాయనమ్మగారికి కూడ దానిని నొక్కుట నేర్పవలెను. యంత్రము తిరుగుచుండగా విడిచి భోజనమునకు లేవరాదు; రాపిడివలన పొడి రాజుకొనవచ్చును. విద్యుత్తీగలకు ఎర్తు ఉండవలెను. విద్యుత్తు ఉండగా మోటారుతీగ ఊడదీసిన డ్రైవరు మాడిపోవును. ఈ నియమములు పాటించు పిల్లకు కత్తిపీట కన్న ఈ యంత్రము ఎక్కువ భయంకరము కాదు. పాటింపని వాడు మగపిల్లవాడైనను దీనిదరి చేర్పదగడు.

మరియొక సందేహము లేఖలో లేకున్నను నా మనస్సులో నున్నది. ఇట్టి యంత్రములు ఇంటింట వెలసిన, కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యను చెక్కువారు, పెడనలో కలంకారీ అచ్చులు చెక్కువారు ఏమి కావలెను? యంత్రపు శక్తికి హద్దులు కలవు. మూడు దిశల యంత్రము పైనుండి మాత్రమే చెక్కగలదు. బొమ్మ చంక క్రిందికి దాని బిట్టు చేరదు. గుండ్రని బిట్టు లోపలి మూలను ఎన్నడును సూటిగా తీయలేదు. 3 మిల్లీమీటర్ల బిట్టు ఏ మూలనైనను ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రన విడిచిపోవును. ఆ మూలను ఉలియే తీర్చవలెను. అయినను పేరుపలకలకు, జాలీలకు, సాదా పలకబొమ్మలకు యంత్రము చేతితో పోటీపడుననుట సత్యము. కాబట్టి చేతిపనివారి నమూనాలను అనుకరించి అమ్ముట, యంత్రపు వస్తువును కొండపల్లిబొమ్మయని చెప్పుట, ఈ రెండును చేయరానివని బిడ్డకు ముందే చెప్పవలెను. కొండపల్లిబొమ్మలకు భౌగోళిక గుర్తింపు చట్టము రక్షణ కూడ కలదు. చట్టము లేకున్నను ఒకరి యన్నము మనది కాదు. వీలైన, సమీపమున నున్న వడ్రంగిమేస్త్రి గారియొద్ద ఒక నెల ఉలి పట్టుట నేర్చుకొని, తరువాత యంత్రము కూర్చుట శ్రేష్ఠము. కొయ్య ఈనె ఎటు నడచునో ఉలి చెప్పినట్లు కంప్యూటరు చెప్పదు.

ఇక సోదరికి నా సలహా. చీటీసొమ్మును రెండు పాళ్ళు చేయుడు. మొదటి పాలుతో చట్రము, మోటార్లు, పలక, కలము మాత్రమే కొననిండు. కొన్న ప్రతి వస్తువునకు లెక్క వ్రాయింపుడు. కొలతల పుస్తకము పెట్టింపుడు. చతురము, కర్ణములు సరిగా వచ్చి, ఇంటిల్లిపాది కొలచి చూచిన దినమున రెండవ పాలు ఇచ్చి రౌటరు కొననిండు. రాకున్న సగము సొమ్ము మిగులును. మోటార్లును పలకయు మరియొక పనికి వచ్చును. బిడ్డ నేర్చిన గణితము ఎచటికిని పోదు. తండ్రిగారికి ఇది దండుగ గాదని ఆ పుస్తకమే చెప్పును. సమీప పాఠశాలలో అటల్ టింకరింగు ల్యాబు ఉన్న, అచటి ఉపాధ్యాయులను ఒకమారు అడిగిన మంచిది. 2016లో కేంద్రప్రభుత్వ మారంభించిన ఆ ప్రయోగశాలలలో ఇట్టి పలకలును మోటార్లును పిల్లలకు పరిచయమే.

పెండ్లి విషయమున ఒక్కమాట. బిడ్డ చేతికి పని తెలిసియుండుట ఏ సంబంధమునకును కొరత కాదు. దానిని కొరతగా ఎంచు సంబంధమునకు తొందరపడుటయే మనకు కొరత. వ్రేలు కాపాడుట పెద్దల విధి. చేయి కట్టివేయుట విధి కాదు.

ఇట్టి పనులు ఇంట జరుగుచున్న సోదరీమణులు తమ యనుభవములను వ్రాసిన, స్థలమున్నంత మేర వచ్చు మాసమున ప్రకటింతును.