గుట్ట మీది పొద బంజరు కాదు

బతుకమ్మ రోజులు దగ్గరపడుతుంటే ఆబిడ్స్ నుంచి మొజంజాహి మార్కెట్ మీదుగా నాంపల్లి స్టేషన్ దాకా రోడ్డు పక్కన సీతాఫలం గంపలు దిగుతాయి. 1935లో పండ్ల మార్కెట్టుగా కట్టిన ఆ రాతి భవనం నుంచి టోకు వ్యాపారం ఎప్పుడో కొత్తపేటకు తరలిపోయింది. అయినా ఆ చౌరస్తాకు సీతాఫలం రావడం మానలేదు. ఐస్‌క్రీం దుకాణాల్లోనూ ఆ రెండు నెలలు దానిదే గిరాకీ. బేరమాడి కొనేవాళ్లలో చాలామందికి తెలియదుగానీ, ఆ కాయల్లో చాలా భాగం ఎవరూ విత్తు వేయనివి, నీళ్లు పెట్టనివి, యూరియా చల్లనివి. పాలమూరు, మెదక్ వైపు గుట్టల మీద తమంతట తామే మొలిచిన పొదల కాపు అది.

రైతు సంఘం పత్రికలో అడవి పొదల ముచ్చట ఎందుకని అడగవచ్చు. 2023 ఆగస్టును గుర్తు చేసుకోండి. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశం మొత్తంమీద అంత పొడి ఆగస్టు లేదు. వానాకాలం నడిమధ్య చెలకలు నోళ్లు తెరిచాయి. అదే ఊరి గుట్ట మీద తంగేడుకూ రేగుకూ ఎవరూ తడి ఇవ్వలేదు, అవి చావనూ లేదు. ఎట్లా తట్టుకున్నాయో తెలుసుకోవాల్సిన అవసరం బోరు మీద బోరు వేసి అప్పులపాలైన మనకే ఎక్కువ.

ఈ మొక్కలు ఎండతో పోట్లాడవు. సీతాఫలం చలికాలం చివర్లో ఆకు రాల్చడం మొదలుపెడుతుంది. ఎండలు ముదిరేసరికి ఉత్త కట్టెలు మిగులుతాయి. ఆకు లేదంటే నీటి ఖర్చు లేదు. తొలకరి జల్లు తగిలాక చిగురూ పూతా కలిసి వస్తాయి. ఆకు చేదు కాబట్టి మేకలు కూడా దాని జోలికి పోవు. రేగుదీ దాదాపు ఇదే పద్ధతి. ఎండాకాలం మోడుబారి నిద్రపోతుంది, వేరు మాత్రం కిందికి లోతుగా దిగి ఉంటుంది. అందుకే మేలురకం రేగు కావాలనుకున్నవాళ్లు నాటు రేగు మొదలు మీదే అంటు కడతారు. జిల్లేడు దారి వేరు: ఆకు మీద మైనంలాంటి పూత, సన్నటి నూగు, లోపల పాలు. తంగేడును మొదలంటా నరికినా మళ్లీ పిలకలు వేస్తుంది. దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, బతుకమ్మలో పేర్చుకుంటాం, పూలు దొరికే జాగా మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతుంటే చూస్తూ ఊరుకుంటాం.

సీతాఫలం అసలు మన గడ్డది కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి శతాబ్దాల కిందట వచ్చింది. కానీ ఇక్కడి రాళ్లలో ఏటా రాలిన గింజల్లో ఎండకు ఆగలేని మొలకలు పోయాయి, ఆగినవే కాశాయి, వాటి గింజలే మళ్లీ మొలిచాయి. అన్ని తరాల పాటు జరిగిన ఆ ఏరివేతకు ఎవరి జేబులోంచీ పైసా ఖర్చు కాలేదు.

అయితే ఈ పొదలు ఎంత కరువునైనా తట్టుకుంటాయని ధీమాగా ఉండటం తప్పు. చెట్టు బతకడం వేరు, కాయడం వేరు. మే నెల జల్లుకు సీతాఫలం చిగురించి పూత పట్టిందనుకోండి. ఆ వెనక మూడు వారాలు వాన మొహం చాటేసి వడగాలి కొడితే గాలిలో తేమ ఉండదు, పువ్వులోని కీలాగ్రం ఎండిపోతుంది, పిందె నిలవదు. నిలిచిన పిందెల్లోనూ కొన్ని నల్లబడి రాయిలా గట్టిపడి కొమ్మకే అంటుకుంటాయి. కరువు ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు కొత్తగా వచ్చిపడింది వాన వేళ తప్పడం. దానికి అలవాటు పడటానికి పొదకు తరాలు కావాలి, తరాలు గడవడానికి గుట్ట మిగలాలి.

ఆ గుట్టే మిగలడం లేదు. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి 2000 నుంచి దేశపు బంజరు భూముల అట్లాసులు వెలువరిస్తున్నాయి. పొదలున్న భూమి అందులో బంజరు పద్దు కిందికే వస్తుంది. (ఆ కేంద్రం ఉన్నది నగరంలోని బాలానగర్‌లో. పేరుమోసిన బాలానగర్ సీతాఫలం రకం పాలమూరు బాలానగర్‌ది. పేరు ఒకటే, చూపు మాత్రం వేరు.) కాగితం మీద బంజరు అని పడ్డాక క్వారీకి ఇవ్వడానికీ, ప్లాట్లు కొట్టడానికీ, కంపెనీలకు అప్పగించడానికీ అడ్డు చెప్పేవారు ఎవరు? గొర్రెలు మేపుకునేవాళ్లు, కాయలేరుకుని గంపకెత్తే ఆడవాళ్లు ఆ లెక్కలో కనపడరు.

ఖాళీ జాగా అనుకుని పైనుంచి పచ్చదనం తెచ్చిపెట్టిన అనుభవం కూడా మనకుంది. 1877లో కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసమని తెచ్చి నాటిన సర్కారు తుమ్మ ఇవాళ చెరువు శిఖాల్నీ చేలగట్లనీ మింగి కూర్చుంది. కరువును అదీ బ్రహ్మాండంగా తట్టుకుంటుంది! హరితహారంలో విరివిగా పెంచిన కోనోకార్పస్‌ను తర్వాత ప్రభుత్వమే వద్దనాల్సి వచ్చింది.

ఇక మన పొలానికి సంబంధించిన మాట. కంది కూడా పుట్టుకతో పొదే, ఏటేటా విత్తుకుంటున్నాం గనుక పైరు అంటున్నాం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కందిలో హైబ్రిడ్ సాధించడానికి మగ వంధ్యత్వ గుణం కోసం పోయింది దాని అడవి చుట్టం కజానస్ కజానిఫోలియస్ దగ్గరికే. రేపు ఏ గుణం కావాల్సి వస్తుందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. గుట్టను చదును చేశాక ఆ గుణం ఏ విత్తన కంపెనీ గోదాములోనూ దొరకదు.

ఉద్యాన శాఖ రాష్ట్ర కార్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉంది. పక్కనే శాసనసభ. సీతాఫలం గంపలు దిగే చోటికి కూతవేటు దూరం. మన సంఘం అక్కడికి తీసుకుపోవాల్సిన కోర్కెలు పెద్దవేమీ కావు. పొదలున్న గుట్టల్ని, బంచరాయిల్ని బంజరు పద్దు నుంచి తీసి ఉమ్మడి భూములుగా నమోదు చేయాలి. గ్రామసభ తీర్మానం లేకుండా వాటిని ఎవరికీ ఇవ్వకూడదు. కరువు ఏడాది కూడా కాసిన సీతాఫలం, రేగు పొదల్ని వెతికి, వాటి నుంచి అంట్లు కట్టి సర్కారు నర్సరీల్లో పెంచాలి. గంపకెత్తేవాళ్లకు నగరంలో కూర్చుని అమ్ముకునే జాగా చూపాలి.

శాఖ కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. వచ్చే ఏడు ఆగస్టులో వాన ఎగ్గొడితే, ఆ తర్వాత కూడా నిండుగా కాసిన పొద మీ గుట్ట మీద ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. ఏ సర్వే నంబరు, ఏ వాలు, ఎన్ని కాయలు అన్నది రాసి మండల కమిటీకి అందజేయండి. ఆ కాయల గింజల్ని కొన్ని కడిగి నీడలో ఆరబెట్టి దాచండి. పిల్లలకు అందనీయకండి, ఆ గింజ పొడి కంట్లో పడితే ప్రమాదం.