బ్యాటును ఎన్నుకొనేది ఎవరు?

అమెరికాలోని కళాశాల మహిళల సాఫ్ట్‌బాల్ పోటీలను చూచినవారికి ఒక విషయం స్ఫురించకపోదు. తరచుగా ఒక జట్టులోని క్రీడాకారిణులందరి చేతుల్లోను ఒకే సంస్థ బ్యాట్లు కనిపిస్తాయి. వారిలో ఒకరు బలంగా బాదేవారు, మరొకరు బంతిని మెల్లగా తాకించి పరుగు లంకించుకొనేవారు. ఇందరికీ ఒకే సంస్థ సరకు నచ్చడం యాదృచ్ఛికం కాదు. సంస్థ బ్యాట్లను ఉచితంగానో, తగ్గింపు ధరకో సరఫరా చేస్తుంది. జట్టు వాటిని పదిమంది కంటా పడేలా వాడుతుంది.

ఈ రంగంలో పోటీ పైకి కనిపించినంత విస్తృతం కాదు. విల్సన్ సంస్థ డిమారినిని 2000లోను, లూయీవిల్ స్లగ్గర్‌ను 2015లోను కొన్నది. ఈస్టన్‌ను కొనుటకు రాలింగ్స్ 2020లో ఒప్పందం కుదుర్చుకొన్నది. పేర్లు అనేకం, యజమానులు కొద్దిమంది.

ఇక సాంకేతిక విషయం. గట్టి కొయ్య బ్యాటుకు తగిలిన బంతి నొక్కుకుపోయి, తన శక్తిలో అధికభాగాన్ని తనలోనే పోగొట్టుకొంటుంది. బ్యారెల్ బోలుగా ఉన్నప్పుడు దాని గోడ స్ప్రింగువలె లోనికి వంగి, కొంత శక్తిని నిలువచేసి తిరిగి బంతికే అందిస్తుంది. కర్బన తంతువులను రెజిన్‌తో పొరలుగా పేర్చి తయారుచేసిన కాంపోజిట్ బ్యాటుకు మరొక విచిత్ర స్వభావమున్నది. వాడేకొద్దీ పొరల నడుమ సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడి గోడ మెత్తబడుతుంది. చిట్లిపోయే దశ వచ్చేవరకు బ్యాటు చురుకు పెరుగుతుంది. ఫెటీగ్‌వల్ల యంత్రభాగాలు క్షీణించడమే ఎరిగిన మనబోటి వారికి అలసినకొద్దీ మెరుగుపడే వస్తువు వింతగానే తోస్తుంది.

అందుచేతనే నిబంధనలు అవసరమైనాయి. అక్కడి సాఫ్ట్‌బాల్ సంఘం 2004 నాటి ప్రమాణం ప్రకారం, ప్రయోగశాల పరీక్షలో బ్యాటునుండి వెడలే బంతి వేగం గంటకు 98 మైళ్లు మించరాదు. వాడకంలో మరీ మెత్తబడినవాటిని ఏరివేయడానికి, కళాశాల పోటీలకు ముందు బ్యారెల్‌ను నొక్కి ఎంత బలానికి లొంగుతున్నదో కొలుస్తారు.

వేగానికి హద్దు ఉన్నందున పేరున్న సంస్థలన్నీ ఆ హద్దుకు చేరువగానే బ్యాట్లను రూపొందిస్తాయి. కాబట్టి ఒప్పందంవల్ల జట్టు దెబ్బకు పదును తగ్గుతుందనే భయం నాకు లేదు. తేడా బరువు పంపిణీలో ఉన్నది. 33 అంగుళాల పొడవు, 23 ఔన్సుల బరువుగల రెండు బ్యాట్లలో ఒకదాని బరువు కొనవైపునకు జరిగితే జడత్వ భ్రామకం పెరిగి, తిప్పడం కష్టమవుతుంది. తగిలితే మాత్రం దెబ్బ ఘనంగా ఉంటుంది. ఏది సరిపోతుందో ఎవరి చేతులకు వారివే తెలియాలి. ఆ వెదుకులాటను ఒప్పందం ఒక్క కేటలాగుకు పరిమితం చేస్తుంది. మన క్రికెట్‌లో టైర్ల సంస్థ ఎం.ఆర్.ఎఫ్. పేరు సచిన్ టెండూల్కర్ బ్యాటుపై వెలిగింది; కొయ్య ఎవరు చెక్కినా పైన ఏ పేరైనా అంటించవచ్చును. సాఫ్ట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. ధ్రువీకరణ మోడల్‌కు లభిస్తుంది.

2021 జూలై 1 నుండి కళాశాల క్రీడాకారులు తమ పేరుప్రతిష్ఠలతో ఆర్జించవచ్చును. అయితే కాలిఫోర్నియా 2019లో చేసిన చట్టం, జట్టు కార్యకలాపాల వెలుపలి ఆర్జనను అడ్డరాదంటూనే, జట్టు ఒప్పందానికి విరుద్ధమైన సొంత ఒప్పందాన్ని నిషేధించింది. ప్రకటనలో ఒక బ్యాటు, మైదానంలో మరొకటి!

నా దృష్టిలో అసలు నష్టం టెలివిజన్ ముందు కూర్చున్న పాఠశాల బాలికది. గెలిచిన జట్టు చేతిలోని బ్యాటే కావాలని ఆమె పట్టుపడుతుంది. తండ్రి ఒక్కోసారి 400 డాలర్లు సమర్పించుకొంటాడు. ఆ జట్టు బ్యాటు చిట్లితే సంస్థ మరొకటి పంపుతుంది, పరీక్షలో తప్పితే సంచిలోనుంచి ఇంకొకటి బయటికి వస్తుంది. చలిలో కాంపోజిట్ బ్యాట్లు సులువుగా చిట్లుతాయన్న సంగతి ఆ తండ్రికి సొంత ఖర్చుమీద తెలిసివస్తుంది. డబ్బిచ్చేవాడు ఒకడు, వాడేవాడు మరొకడు అయినచోట మన్నిక గురించిన సమాచారం బయటికి రాదన్నది కొనుగోలు విభాగాలలో పనిచేసినవారికి కొత్త సంగతి కాదు. 98 మైళ్ల హద్దు ఏటేటా మారేది కాదు గనుక, నిరుటి మోడల్ తగ్గింపు ధరకు దొరికితే, అమ్మాయి నాలుగుసార్లు తిప్పిచూచి చేతికి ఇమిడిందంటే, దానిని కొనుటకు సంకోచించనక్కరలేదు.