ఫార్మాట్ కొట్టే ముందు ఆ ఎర్రర్ ఒక్కసారి చదవండి

ఆరేళ్ల కిందటి మాట. ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి హాజరయ్యా. స్క్రీన్ షేర్ చేసి, చిన్న జావా ప్రోగ్రామ్ రాసి రన్ చేసి చూపించమన్నారు. రాయడానికి ఐదు నిమిషాలు పట్టింది. రన్ చేయడానికి పన్నెండు నిమిషాలు కుస్తీ పట్టా, అయినా కాలేదు. నల్లటి కమాండ్ ప్రాంప్ట్‌లో అదే లైను మళ్లీ మళ్లీ వస్తోంది. విండో మూసి తెరిచా, ఫైల్ మళ్లీ సేవ్ చేశా, మళ్లీ ఎంటర్ కొట్టా. అవతలి మేడమ్ ఓపిగ్గా చూసి చూసి చివరికి ఒక్కటే అడిగారు: ‘‘అక్కడ ఏమని వస్తోంది? చదవండి.’’ చదవడానికి నోరు తెరిచాక గానీ తెలియలేదు, ఆ పన్నెండు నిమిషాల్లో ఆ లైనును నేను ఒక్కసారి కూడా చదవలేదని.

‘‘జావాసీ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ యాజ్ యాన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్.’’ ఇంతే అక్కడున్నది. ముందురోజు రాత్రి పాత జేడీకే తీసేసి, కొత్త వెర్షన్‌ను జిప్ ఫైల్‌గా దించుకుని సీ డ్రైవ్‌లో విప్పి పెట్టా. పాత్‌లో మాత్రం పాత ఫోల్డర్ పేరే ఉండిపోయింది. అర నిమిషంలో సరిచేయగలిగే పని. ఆ ఉద్యోగం రాలేదు. ప్రోగ్రామ్ తప్పయి పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు నాకు మీలాంటి వాళ్ల నుంచి మెసేజ్‌లు వస్తుంటాయి. ‘‘అన్నా, పైథాన్ రావట్లేదు. ఫార్మాట్ కొట్టేయమంటావా?’’ ‘‘ఏం ఎర్రర్ వస్తోంది?’’ అని అడిగితే, ‘‘ఏదో ఎర్రర్ అన్నా’’ అంటారు. కొందరు మానిటర్‌ను ఏటవాలుగా ఫోన్‌తో తీసిన ఫొటో పంపుతారు, అందులో అసలు లైను సగం తెగిపోయి ఉంటుంది. మన దగ్గర కంప్యూటర్‌కు జ్వరమొచ్చినా జలుబొచ్చినా ఒకటే మందు, ఫార్మాట్. వీధి చివర రిపేర్ షాపు అతనూ అదే చేస్తాడు. అతనికి అదే తేలిక. ఫార్మాట్‌తో పోయే జబ్బులు లేవని కాదు. కానీ మీకొచ్చే ఇన్‌స్టలేషన్ సమస్యల్లో చాలావరకు దాంతో పోవు. కొత్త విండోస్ మీద మళ్లీ అదే పైథాన్ పెడతారు, మళ్లీ అదే టిక్కు పెట్టడం మర్చిపోతారు, మళ్లీ అదే ఎర్రర్ వస్తుంది. ఈలోగా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైనలియర్ ప్రాజెక్టు, రెజ్యూమె, సర్టిఫికెట్ల స్కాన్‌లు పోతాయి.

ఆ టిక్కు సంగతే ముందు చూద్దాం. మీరు కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక పేరు కొట్టగానే విండోస్ కంప్యూటర్ మొత్తం వెతకదు. ముందు మీరున్న ఫోల్డర్‌లో చూస్తుంది. తర్వాత పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లను వరుసగా చూస్తుంది. అక్కడ ఉంటే నడుపుతుంది, లేకపోతే ‘నాట్ రికగ్నైజ్డ్’ అంటుంది. ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ కాలేదని దాని అర్థం కాదు, తను చూసిన చోట్ల కనపడలేదని మాత్రమే. మామూలుగా దించుకునే పైథాన్ ఇన్‌స్టాలర్‌లో మొదటి స్క్రీన్ అడుగున ‘యాడ్ పైథాన్ టు పాత్’ అనే చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు ముందే పెట్టి ఉండదు. మనమేమో పెద్ద అక్షరాల ‘ఇన్‌స్టాల్ నౌ’ కనపడగానే నొక్కేస్తాం.

దీనికి తోడు విండోస్ 10, 11లో ఇంకో తిరకాసు ఉంది. పైథాన్ పాత్‌లో లేకపోయినా ఆ పేరు కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. ‘నేను ఇన్‌స్టాల్ చేశాను కదా, మళ్లీ స్టోర్‌కి ఎందుకు పోతోంది?’ అని తలపట్టుకుంటారు. సెట్టింగ్స్‌లో ‘యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్’ అని వెతికి, అక్కడ పైథాన్ పేరుతో ఉన్న స్విచ్‌లు ఆపేస్తే ఆ గొడవ పోతుంది. పాత్ మార్చాలంటే స్టార్ట్ మెనూలో ‘ఎన్విరాన్‌మెంట్’ అని కొడితే చాలు, దారి అదే చూపిస్తుంది. మార్చాక అప్పటికే తెరిచి ఉన్న కమాండ్ విండోను మూసి కొత్తది తెరవండి. పాత విండోకు పాత జాబితానే తెలుసు. చేయాల్సిందంతా సరిగ్గా చేసి, ఈ ఒక్కటి చేయక రాత్రంతా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

ఒక కమాండ్ మాత్రం గుర్తుపెట్టుకోండి: ‘వేర్’. దాని పక్కన పైథాన్ అనో జావా అనో పేరు కొడితే, ఆ పేరుతో పాత్‌లో ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో వరుసలో చూపిస్తుంది. పైనున్నదే నడుస్తుంది. కొత్త వెర్షన్ పెట్టినా పాతదే ఎందుకొస్తోందో అక్కడ తెలిసిపోతుంది. పవర్‌షెల్‌లో అయితే ‘వేర్ డాట్ ఈఎక్స్‌ఈ’ అని పూర్తిగా కొట్టాలి, లేకపోతే ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది. జావా వాళ్లకు ఇంకో మాట. ‘జావా హోమ్’ అనే వేరియబుల్‌లో జేడీకే ఫోల్డర్ వరకే ఇవ్వాలి. ‘బిన్’ అనేది పాత్‌లోకి వెళ్లాలి. ఈ రెండూ తారుమారు చేసి, ‘మేవెన్ పాడైపోయింది’ అని చెప్పేవాళ్లు కోకొల్లలు.

తర్వాత వచ్చేది లైబ్రరీల గొడవ. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు అనుకుందాం. పిప్‌తో ఏదో లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయబోతే అర పేజీ ఎర్ర అక్షరాలు వస్తాయి. మధ్యలో ఎక్కడో ‘మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 ఆర్ గ్రేటర్ ఈజ్ రిక్వైర్డ్’ అని ఉంటుంది. వెంటనే కొన్ని జీబీల బిల్డ్ టూల్స్ దించుకోవడం మొదలుపెడతారు. ఆగండి. చాలాసార్లు అసలు కారణం మీ పైథాన్ మరీ కొత్తది కావడం. ఆ వెర్షన్‌కు లైబ్రరీ తయారు చేసినవాళ్లు రెడీమేడ్ ప్యాకేజీ ఇంకా పెట్టి ఉండరు. దాంతో పిప్ సోర్స్ కోడ్ తెచ్చి మీ ఇంట్లోనే వండాలని చూస్తుంది, వంటగిన్నెలు లేవని మొత్తుకుంటుంది. ఒకటి రెండు వెర్షన్లు వెనక్కి వెళ్లి పైథాన్ పెట్టుకుంటే ఎక్కువ సందర్భాల్లో పని అయిపోతుంది. లైబ్రరీ పేజీలో ఏయే వెర్షన్లకు పనిచేస్తుందో రాసే ఉంటుంది.

ఇన్‌స్టాల్ అయిందని చెప్పి, ప్రోగ్రామ్‌లో మాత్రం ‘నో మాడ్యూల్ నేమ్డ్’ అంటే? మీ సిస్టమ్‌లో రెండు పైథాన్‌లు ఉండి ఉంటాయి. పిప్ ఒకదాని సంచిలో వేసింది, మీరు ఇంకోదాన్ని నడుపుతున్నారు. ఉత్తగా పిప్ అనకుండా ‘పైథాన్ హైఫన్ ఎమ్ పిప్ ఇన్‌స్టాల్’ అని కొడితే, ఏ పైథాన్ నడుస్తుందో దాని సంచిలోకే చేరుతుంది. ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోమని అందుకే చెబుతారు. ఇంటర్వ్యూలో ఇది ఎందుకని అడిగితే చెప్పగలిగే సొంత అనుభవం కూడా మీకు దొరికినట్టే.

అమీర్‌పేటలో జావా కోర్సు చేసి వచ్చినవాళ్లకు ఒక పాత చుట్టం ఉంది, దాని పేరు పోర్టు 8080. పాత ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ దాని వెబ్ పేజీ కోసం 8080 తీసుకునేది. టామ్‌క్యాట్‌కు కూడా మామూలుగా 8080 కావాలి. ఒకే గదికి ఇద్దరు అద్దెదారులు! రెండోవాడు తలుపు దగ్గరే ఆగిపోతాడు, ‘పోర్ట్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని. పీహెచ్‌పీ వాళ్లకు ఇదే గొడవ 80 దగ్గర, మైఎస్‌క్యూఎల్ వాళ్లకు 3306 దగ్గర వస్తుంది. ముఖ్యంగా ఇదివరకే మైఎస్‌క్యూఎల్ ఉన్న సిస్టమ్‌లో ఎక్సాంప్ పెడితే. ‘నెట్‌స్టాట్ హైఫన్ ఏఎన్‌ఓ’ కొడితే ఏ పోర్టును ఏ నంబరు ప్రాసెస్ పట్టుకుందో చూపిస్తుంది. ఆ నంబరును టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ కింద వెతికితే పేరు దొరుకుతుంది. ఒకదాన్ని ఆపండి, లేదా ఒకదాని పోర్టు మార్చండి. అన్‌ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు.

ఇక కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. ‘వీసీరన్‌టైమ్ 140 డీఎల్ఎల్ ఈజ్ మిస్సింగ్’ అని రాగానే ఆ పేరు వెతికి, ఏదో సైట్ నుంచి ఆ ఒక్క ఫైలూ దించుకుని సిస్టమ్ ఫోల్డర్‌లో పడేస్తున్నారు. అలా చేయొద్దు. అది మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్‌లో భాగం. వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. మీ విండోస్ 64 బిట్ అయినా, నడిపే ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే ఎక్స్ 86 ప్యాకేజీ కూడా కావాలి. ఎవరో ఎక్కించిన డీఎల్ఎల్‌లో ఏముందో మీకు తెలియదు.

క్రాక్ సాఫ్ట్‌వేర్ కథా అంతే. గ్రూపుల్లో లింకు వస్తుంది, కింద ‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి’ అని రాసి ఉంటుంది. దొంగ మీ ఇంటికొచ్చి ‘ముందు కుక్కను కట్టేయండి’ అన్నట్టు లేదూ? మీ బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు, మెయిల్, జాబ్ పోర్టల్ లాగిన్‌లు, నాన్న నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. డబ్బుల్లేకే క్రాక్ పెడుతున్నాం అంటారు. నేనూ చదువుకునేటప్పుడు పెట్టినవాడినే, కాబట్టి నీతులు చెప్పను. కానీ ఇప్పుడు ఆ అవసరం చాలా తగ్గింది. ఆటోక్యాడ్‌ను ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచితంగా ఇస్తోంది. జెట్‌బ్రెయిన్స్ కూడా అంతే. మ్యాట్‌ల్యాబ్ బదులు ఆక్టేవ్ ఉంది, ఆఫీస్ బదులు లిబ్రెఆఫీస్ ఉంది. ఇన్‌స్టాలర్‌ను అసలు సైట్ నుంచే దించుకోండి. అక్కడ షా 256 అని పొడుగాటి అక్షరాల వరుస ఇచ్చి ఉంటే, ‘సర్ట్‌యుటిల్ హైఫన్ హ్యాష్‌ఫైల్’ కమాండ్‌తో మీ ఫైలుదీ తీసి పోల్చి చూడండి. సగంలో ఆగి పాడైన డౌన్‌లోడ్ కూడా దీంతోనే బయటపడుతుంది.

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, డాకర్ లాంటివి నడవాలంటే వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అది ఎనేబుల్డా డిసేబుల్డా కనపడుతుంది. డిసేబుల్డ్ అయితే బయోస్‌లోకి వెళ్లి మార్చాలి. వెళ్లే ముందు ఒక జాగ్రత్త: కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్ మార్చాక 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉంటే మామూలుగా కీ అందులో దొరుకుతుంది. ముందే చూసి కాగితం మీద రాసుకుని అప్పుడు వెళ్లండి. ఆ అకౌంట్ షాపు అతని మెయిల్‌తో పెట్టించుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. ర్యామ్ 4 జీబీయే అయితే ఎమ్యులేటర్ ఆశ వదిలేయండి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి మీ ఫోన్‌లోనే యాప్ నడపండి. స్టోర్ యాప్‌లు తప్ప ఏదీ ఇన్‌స్టాల్ కావట్లేదంటే ల్యాప్‌టాప్ ఎస్ మోడ్‌లో ఉన్నట్టు. దాన్నుంచి ఉచితంగానే బయటికి రావొచ్చు, మళ్లీ వెనక్కి మాత్రం వెళ్లలేరు.

నా ఫిర్యాదు మీ మీద కాదు, మనకు నేర్పిన పద్ధతి మీద. నాలుగేళ్లు ల్యాబ్‌కి వెళ్తాం. అక్కడ అన్నీ ముందే ఇన్‌స్టాల్ చేసి ఉంటాయి. ఏదైనా ఆగితే ల్యాబ్ అసిస్టెంట్ సార్ వచ్చి ఏదో కొట్టి వెళ్లిపోతారు. పక్క సిస్టమ్‌కి మారమంటారు. రికార్డులో ప్రోగ్రామూ అవుట్‌పుటూ రాస్తాం, ఎర్రర్ రాసిన రికార్డు నేనెక్కడా చూడలేదు. మొదటి ఏడాదిలో రెండు ల్యాబ్ క్లాసులు ఖాళీ సిస్టమ్ ఇచ్చి, ‘అన్నీ మీరే పెట్టుకోండి, వచ్చిన ప్రతి ఎర్రర్‌నూ రికార్డులో రాయండి’ అంటే ఖర్చేమీ లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను చేసింది అదే, కోడ్ ఒక్క లైనూ రాయలేదు. టీమ్ లీడ్ నన్ను గమనించింది కూడా అక్కడే: ఇతను ఇరుక్కుంటే ఏం అడుగుతాడు, ఎలా అడుగుతాడు?

అడగడం తప్పు కాదు, అడిగే తీరు ఒకటుంది. ఏ విండోస్, ఏ వెర్షన్, ఏం కొట్టారు, ఏం వచ్చింది, ఇప్పటికి ఏమేం చేసి చూశారు. ఫొటో కాదు, ఎర్రర్‌ను అక్షరాలుగా కాపీ చేసి పంపండి. గూగుల్‌లో వెతికేటప్పుడు అందులోంచి మీ యూజర్‌నేమ్, ఫోల్డర్ పేరు తీసేయండి, లేకపోతే మీలాంటి వాడు ప్రపంచంలో ఎవడూ దొరకడు. ఏఐ చాట్‌బాట్‌ను అడిగినా సరే. కానీ అది ఇచ్చిన కమాండ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా కొట్టే ముందు, ఇది ఏం చేస్తుందని దాన్నే ఇంకోసారి అడగండి. ఫైళ్లు తుడిచేసే కమాండ్‌ను కూడా అది అంతే మర్యాదగా ఇస్తుంది.

ఆన్‌లైన్ టెస్ట్ రేపు ఉందా? టెస్ట్ వాళ్లిచ్చే సిస్టమ్ చెక్ ఈరోజే నడపండి. కెమెరా వేరే యాప్ పట్టుకుని లేదని చూసుకోండి. విండోస్ అప్‌డేట్‌ను వారం పాజ్ చేయండి. పాత డెస్క్‌టాప్ అయితే తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. మదర్‌బోర్డ్ మీదుండే బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, అప్పుడు వెబ్‌సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ చూపించి తెరుచుకోవు. వాడబోయే భాషలో నాలుగు లైన్ల ప్రోగ్రామ్ ఒకటి రాసి రన్ అయ్యేదాకా చూసి పడుకోండి. అది రన్ అయ్యాక మాత్రం, ఎవరెంత చెప్పినా ఆ రాత్రి కొత్త వెర్షన్ జోలికి పోకండి.