అమ్మ చెప్పలేని మతం, చర్చి చెప్పని కులం



2024 నవంబర్. రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కుటుంబ సర్వే చేయిస్తున్న రోజులు. సిద్దిపేట పక్కన మా ఊళ్ళో, మా ఇంటి అరుగు మీద కూర్చొని సర్వే సారు అడిగాడు: "మతం ఏం రాయాలమ్మా?"

అమ్మ నా దిక్కు చూసింది. ఆమె వెనక గోడకు బైబిల్ వాక్యాల క్యాలెండర్ వేలాడుతోంది. ఒక్క ఆదివారం కూడా చర్చి తప్పని మనిషి. "హిందూ అని రాయి సారూ" అన్నది. సారు క్యాలెండర్ చూశాడు. ఏమీ అనకుండా రాసుకున్నాడు. ఆ రాత్రి అమ్మ ప్రార్థన చాలాసేపు సాగింది.

ఆమెతో ఆ మాట అనిపించింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన దగ్గర మతం మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద దక్కేది ఒక్క శాతం. పోయేది రిజర్వేషన్ ఒక్కటే అనుకోకండి. రిజర్వుడు సర్పంచ్ సీటు పోతుంది, అట్రాసిటీ చట్టం అండ పోతుంది. ఊరు మాత్రం మనల్ని ఎప్పటిలాగే మాలోళ్ళని, మాదిగోళ్ళనే పిలుస్తుంది.

అదే నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నది. ఆ వార్త చదువుతుంటే నాకు అరుగు మీద అమ్మ ముఖమే గుర్తొచ్చింది.

మరి ఆమె తరఫున మాట్లాడేదెవరు? నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, కాథలిక్ బిషప్స్ కాన్ఫరెన్స్ ఏటా ఆగస్టు 10న బ్లాక్ డే జరుపుతున్నాయి. మెమోరాండాలు ఇస్తున్నాయి, కోర్టుల్లో వాదిస్తున్నాయి. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టొద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. కేంద్రం మాత్రం 2022 అక్టోబర్‌లో బాలకృష్ణన్ కమిషన్ వేసి, రెండేళ్ళ గడువు ఇచ్చి, ఆ గడువునూ పొడిగించింది. ఈ సంస్థలు ఏమీ చేయలేదని నేను అనను. కానీ వాళ్ళ కొట్లాటలో రెండు లోపాలు ఉన్నాయి.

మొదటిది డబ్బు. మన చర్చి సంస్థలకు సేవ బాగా వచ్చు. హాస్టళ్ళు, బడులు, దవాఖానాలు పెట్టాయి. నేను చదివింది కూడా అట్లాంటి హాస్టల్లోనే. ఆ సేవలో ఎక్కువ భాగం విదేశీ నిధులతో నడిచింది. 2020లో విదేశీ నిధుల చట్టాన్ని సవరించి, పెద్ద సంస్థ ఆ డబ్బును చిన్న సంస్థకు ఇవ్వకుండా ఆపేశారు. 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా లైసెన్సే రద్దయింది. హక్కుల మాటెత్తితే హాస్టల్ మూతపడుతుందేమోనన్న భయం అందరిలో ఉంది. ఆ భయం అర్థం చేసుకోదగిందే. కానీ లైసెన్సు మీద బతికే నోరు లైసెన్సుకు భయపడుతూనే ఉంటుంది. మా మెదక్ చర్చి 1924లో పూర్తయింది. కరువు రోజుల్లో గింజల కోసం మా తాతలు అక్కడ రాళ్ళు మోశారని మా ఇళ్ళల్లో చెప్పుకుంటారు. అంత చర్చి కట్టినవాళ్ళ మనవళ్ళు ఇంటికి పది రూపాయలు వేసుకొని ఒక వకీలును పెట్టుకోలేరా?

రెండోది మౌనం. "క్రీస్తులో కులం లేదు" అని పల్లకీ మీద నుంచి చెప్పడం సులువు. ఢిల్లీలో మన ఎదుటి పక్షం కూడా సరిగ్గా ఆ మాటే అంటోంది: మీ మతంలో కులం లేదు కదా, ఎస్సీ హోదా ఎందుకు? 2016లో కాథలిక్ బిషప్పులు తమ దళిత విధాన పత్రంలో చర్చిలోనూ అంటరానితనం ఉందని ఒప్పుకున్నారు. వంద మెమోరాండాల కన్నా ఆ ఒప్పుకోలుకే బరువు ఎక్కువ. మన ఆంధ్ర బిడ్డ, హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు. ఇన్ని తరాలు ఎందుకు పట్టిందో ప్రతి సంఘమూ తనను తాను అడగాలి.

ఇప్పుడు అసలు పని ముందుంది. 2027 జనగణనలో అందరి కులమూ అడుగుతారట. ఇంతకుముందు గణనల్లో క్రైస్తవుడినని చెప్తే ఎస్సీగా రాసుకోలేదు. ఈసారి మతం క్రైస్తవం, కులం మాల అని రెండూ చెప్పే వీలు రావచ్చు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలను ఎవరూ తీసి చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి కూడా లేదు. ఈ సంగతి మా అమ్మకు ఎవరు చెప్పారు? ఏ పాస్టరూ చెప్పలేదు, ఏ ఎన్జీవో మీటింగులోనూ చెప్పలేదు.

నేను ఎవరినీ నిజం చెప్పి తీరాలని ఆజ్ఞాపించను. చట్టం కాగితాన్ని కాపాడుతుంది గానీ, పక్కింటోడి చెవులు మూయదు. సర్టిఫికెట్ పోతే నష్టపోయేది బిషప్పు కాదు, కూలికి పోయే అమ్మ. అందుకే చర్చి సంస్థలను అడిగేది ఒక్కటే. ఈసారి ఢిల్లీ మెమోరాండం కన్నా ముందు ప్రతి సంఘంలో ఒక ఆదివారం ఈ చట్టం చదివి చెప్పండి. ఎవరి సర్టిఫికెట్ మీదికైనా వస్తే వకీలును మేం పెడతామని లేచి నిలబడి మాటివ్వండి. విద్యార్థి మిత్రులారా, వాళ్ళు చెయ్యకపోతే ఆ పని మనమే చేద్దాం.

మొన్న ఆదివారం నేను అమ్మకు ఆ సెక్షన్ చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించి అడిగింది: "మరి గప్పుడు ఆ సారు మనూరోడే వస్తే ఎట్ల బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు పదిమందిమి కలిసి తయారు చేయాలి.

జై భీమ్.